రచనా మార్గదర్శికి విషయమెవరు చెప్పవలె?

క్రొత్త రచనా మార్గదర్శి ఒకటి వెలువరించవలెనని తలపెట్టిన పండితుడు సాధారణంగా మొదట చేసే పని, తన బల్లముందు కూర్చుని విషయసూచిక వ్రాసుకోవడం. వర్ణక్రమము, సంధులు, సమాసములు, వ్యాసరచన, లేఖారచన - ఈ వరుస ఆయనకు కంఠస్థమే. పాఠకుని సంగతి పుస్తకం అచ్చయిన తరువాత, అదీ ప్రతులు అటకమీద మిగిలినప్పుడు, జ్ఞాపకం వస్తుంది. అట్లాగాక, పాఠకుని ముందే అడిగి విషయాన్ని నిర్ణయించుకొన్నట్లయితే ఏమవుతుంది? ఈ ప్రశ్న నేడు హైదరాబాదుకు పడమట, సైబరాబాదని పిలిచే ప్రాంతంలో మిక్కిలి పదునుగా ఎదురవుతున్నది.

1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ గుండ్రని మేడ చుట్టూ మొదలైన హైటెక్ సిటీ కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా అల్లుకొన్నది. ఇక్కడ తెలుగు మాటకు కొదవ లేదు. ఏ టీకొట్టు దగ్గర నిలుచున్నా శ్రీకాకుళం, కరీంనగర్, కడప యాసలు ఒక్కసారిగా చెవినబడతాయి. కొదవ అంతా వ్రాతకే. ఇంజనీరు తన కార్యాలయపు వ్రాతపని ఆంగ్లంలో చేస్తాడు. తల్లికి పంపే రెండు ముక్కలు కూడా తెలుగు మాటలను ఆంగ్లలిపిలో పేర్చి పంపేవారు ఎందరో. అదే మేడ వాకిట నిలిచే కాపలాదారు, కారు నడిపే మనిషి, అంతస్తులు తుడిచే ఇల్లాలు వీరికి ఆంగ్లంతో పని లేదు. తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాయవలసివస్తే మాత్రం మరొకరి చేయి పట్టుకోవలసినదే. ఒకే వాకిట ఇన్ని రకాల అవసరాలున్నప్పుడు మార్గదర్శి ఎవరి కోసం? దేనిని గూర్చి?

అడిగి తెలుసుకొనే పద్ధతికి మన భాషలో గొప్ప ఒరవడి ఒకటి ఉన్నది. దాని కర్తకు ఈ ప్రాంతంతో సంబంధమూ ఉన్నది. గచ్చిబౌలిలో 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 1986 నుండి 1993 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి, అంతకు పాతికేండ్ల క్రిందటనే మాండలిక వృత్తిపదకోశానికి పూనుకొన్నారు. వ్యవసాయ పదాల సంపుటం ఆయన సంపాదకత్వాన 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన వెలువడినది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చినది. ఈ కోశాన్ని పాత నిఘంటువులు ముందు పెట్టుకొని కూర్చలేదు. ప్రశ్నావళులు పట్టుకొని పరిశోధకులు పల్లెలకు వెళ్లి, పనిముట్టు ఏది, దాని భాగమేది, ఈ పని పేరేమిటి అని రైతునే అడిగారు. ఒకచోట నాగలి అన్నది మరొకచోట మడక అయినది. రెండింటిలో ఏది సాధువని ఎవరూ తీర్పు చెప్పలేదు. ఏ మాట ఏ సీమలో పలుకుతారో వ్రాసుకొన్నారు. అనేక తరాలుగా పండితుడు చెప్పినది రైతు వినవలసి వచ్చినది. ఇక్కడ రైతు చెప్పగా పండితుడు వ్రాసుకొన్నాడు.

ఆ పనిలో ఉపాధ్యాయులు గమనించదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. "నీకు నిఘంటువు కావలెనా?" అని రైతును అడిగి ఉంటే ఆయన నవ్వి ఊరుకొనేవాడేమో! అడిగినది ఆయన చేతిలోని వస్తువును గూర్చి. అందుకే జవాబు వచ్చినది.

పాఠకులను అడగబోయేవారు సాధారణంగా పొరబడేదీ ఇక్కడనే. "మీకు ఏ విషయంపై పుస్తకం కావలె?" అని అడిగితే గౌరవప్రదమైన సమాధానాలే వస్తాయి. ఛందస్సు అని ఒకరు, కథారచన అని ఇంకొకరు అంటారు. అవి అక్కరలేనివని కాదు. కథ వ్రాయదలచినవారికి కాళీపట్నం రామారావు, వల్లంపాటి వెంకటసుబ్బయ్య వంటివారి పుస్తకాలున్నాయి. వల్లంపాటివారి 'కథాశిల్పం' కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం కూడా పొందినది. పత్రికారచనకు బూదరాజు రాధాకృష్ణ చూపిన దారి ఉండనే ఉన్నది. ప్రశ్నను మార్చి, "మీరు కడపటిసారి తెలుగులో ఏమి వ్రాయబోయి ఎక్కడ ఆగిపోయారు?" అని అడగవలె. అప్పుడు వచ్చే సమాధానాలలో ఛందస్సు కనబడదు. పింఛను రాలేదని వ్రాయబోయి ఆగినవారు, తండ్రి వైద్యానికి సెలవు కోరబోయి ఆగినవారు, ఇంటి యజమానికి తెలుపవలసినది నోటితో చెప్పలేక, కాగితంమీద పెట్టనూలేక ఆగినవారు బయటపడతారు.

ఇంజనీరు జవాబు మరొక తీరుగా ఉంటుంది. "నీవు చేసే పని ఏమిటిరా?" అని ఊరిలో తండ్రి అడిగితే, రెండు వాక్యాలు తెలుగులో నడచి మూడవది ఆంగ్లంలోకి జారుతుంది. సర్వర్, కోడ్ అన్న మాటలు తెలుగు వాక్యంలో ఇముడుతాయి, వాటితో చిక్కులేదు. చిక్కంతా ఆ పని ఎవరికి ఎట్లా ఉపయోగమో చెప్పడంలో ఉన్నది. తన వృత్తిని తన తండ్రికి అర్థమయ్యే తెలుగులో ఒక పుటలో వ్రాయించే మార్గదర్శి వస్తే, అది సైబరాబాదు వృత్తిపదకోశానికి నాంది కాగలదు. ముచ్చటైన విషయమే.

అయినా ముందు దానిని చేపట్టరాదు. ముందు చేపట్టవలసినది దరఖాస్తు. తన పని తెలుగులో చెప్పలేని ఇంజనీరుకు కొంత నొచ్చుకోలు, అంతే. దరఖాస్తు సరిగా వ్రాయలేని మనిషికి పింఛనో, స్థలమో, బిడ్డ బడిసీటో పోతుంది. రంగారెడ్డి జిల్లాలోనూ తక్కిన తెలంగాణ జిల్లాలలోనూ సోమవారం ప్రజావాణికి కాగితం పట్టుకొని వచ్చేవారికి ఈ భేదం ఎవరూ చెప్పనక్కరలేదు. కోస్తాలో అర్జీ అన్నా, ఇక్కడ దరఖాస్తు అన్నా, పుస్తకాలలో విన్నపమన్నా వస్తువొక్కటే. మార్గదర్శి మాత్రం వాడేవారి మాటనే పేరుగా పెట్టుకోవలె.

అటువంటి కాగితంలో సాధారణంగా కనిపించే లోపం వర్ణక్రమంలో కంటె కూర్పులో ఉంటుంది. మహారాజరాజశ్రీలనాటి మర్యాద ఇంకా వదలక మొదటి సగం వినయవిధేయతలకే చెల్లిపోతుంది. కోరిక చివరి పంక్తిలో, సంతకానికి ఆనుకొని, ఊపిరాడక ఉంటుంది. తేదీలు తారుమారవుతాయి. నోట మాట చెబితే అక్షరాలుగా మార్చే ఫోనులు ఇప్పుడు వచ్చాయి, మంచిదే. ఏది ముందు చెప్పవలెనో తెలియనివానికి ఆ ఫోను తన తికమకనే చక్కని అక్షరాలలో తిరిగి చూపుతుంది.

ఒక శతాబ్దం క్రిందట స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం గ్రాంథికంలో వ్రాయవలెనా, వాడుకభాషలో వ్రాయవచ్చునా అని ఘోరమైన వివాదం నడచినది. గిడుగు రామమూర్తి దానికై జీవితం ధారపోశారు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. రెండు పక్షాలా వాదించినవారు పెద్దలే. కలం పట్టి పరీక్ష వ్రాసే పిల్లవాడు వాదానికి వస్తువే గాని వాది కాలేదు. ఇప్పుడు ఆ పిల్లవానికి పని అప్పగించే వీలున్నది.

తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. గచ్చిబౌలి, మాదాపూర్ బడుల తరగతి గదులలో ఇంజనీరు బిడ్డా, కాపలాదారు బిడ్డా ఒకే బల్లమీద కూర్చోరు; చదివే బడులే వేరు. కాని ఇరువురికీ ఒకే ఇంటిపని ఇవ్వవచ్చును. ఇంటిలో ఎవరైనా తెలుగులో వ్రాయబోయి మానివేసిన కాగితమేదైనా ఉన్నదా అని అడిగి, లేకపోతే వారు వ్రాయదలచినదేమిటో వారి మాటలలోనే వ్రాసుకొని తీసుకురావలె. పేర్లు, ఊళ్లు కొట్టివేయవలె. ఎవరి కష్టమూ తరగతిలో చర్చకు రాకూడదు. కాగితాలు చేరిన తరువాత ఉపాధ్యాయుడు ఎర్రసిరా కొంతసేపు ప్రక్కన పెట్టి, ప్రతి కాగితంలోనూ కలం ఎక్కడ ఆగినదో అక్కడ పెన్సిలుతో చిన్న గీత గీయవలె. గీతలు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో అదే మొదటి ప్రకరణం.