మన లెక్కల ఫైలు భద్రమేనా?



ఈ సంచికలో మేము డబ్బు లెక్కల గురించి రాయదలచాము. డబ్బు ఎలా సంపాదించాలో చెప్పేంత అనుభవం మాకు లేదు. ఉన్న కొద్దిపాటి డబ్బుకు కంప్యూటరులో రాసుకున్న లెక్క చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలో మాత్రం ఒక తప్పు చేసి నేర్చుకున్నాము. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

మన చేబదులు నిధి సంగతి మీకు తెలిసిందే. పరీక్ష ఫీజు చివరి తేదీ ముందు వస్తుంది, ఇంటి నుంచి డబ్బు తరువాత వస్తుంది. ఆ మధ్య రోజులు గడవడానికి పూర్వ విద్యార్థులు ఇచ్చిన మొత్తంతో, పి.జి. చదువుతున్న మేము నలుగురం ఈ నిధిని చూస్తున్నాము. మొదట్లో నోటుపుస్తకంలో రాసేవాళ్ళం. తరువాత గ్నూక్యాష్ అనే ప్రోగ్రాములోకి మారాము. ఇది ఉచితంగా దొరుకుతుంది. 1998లో దీని మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. ప్రతి పద్దునూ రెండు ఖాతాల్లో చూపే జంట పద్దు విధానంలో లెక్క రాస్తుంది. నలుగురికీ అందుబాటులో ఉంటుందని ఆ ఫైలును క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డరులో పెట్టాము. అక్కడే పొరపాటు జరిగింది.

అసలు జరిగినదేమిటి?

ఆ రోజు ఫైలులో నిల్వ 8,400 రూపాయలు. మాలో ఒకరు సాయంత్రం హాస్టల్‌లో కూర్చుని, ముగ్గురు తమ్ముళ్ళు తిరిగి ఇచ్చిన 600, 500, 400 రూపాయలను జమ రాశారు. అప్పుడు నెట్ లేదు. అదే సమయంలో యూనివర్సిటీలో ఉన్న మరొకరు తన కంప్యూటరులో ఫైలు తెరిచి, కొత్తగా ఇద్దరికి ఇచ్చిన 1,200 రూపాయల చేబదులు రాశారు. మొదటివారి ఫైలులో నిల్వ 9,900. రెండవవారి ఫైలులో 7,200. సరైన నిల్వ 8,700. అంటే రెండు ఫైళ్ళలో ఏ ఒక్కటీ నిజం కాదు.

నెట్ వచ్చాక రెండు ఫైళ్ళూ క్లౌడ్‌కు చేరాయి. 7,200 ఉన్న ఫైలు అసలు పేరుతో నిలిచింది. 9,900 ఉన్నది పొడవాటి పేరుతో పక్కన చేరింది. ఆ రెండో ఫైలును మేమెవరమూ గమనించలేదు.

తరువాత బాకీల జాబితా చూసి ఒక తమ్ముణ్ణి పిలిచి, "600 ఇంకా రాలేదు కదా" అని అడిగాము. "ఇచ్చాను కదన్నా, మీ గదికే వచ్చి ఇచ్చాను" అన్నాడు. మేము కంప్యూటరు తెర చూపించాము. అతను మరి మాట్లాడలేదు. మరునాడు ఎవరి దగ్గరో అప్పు తెచ్చి 600 మళ్ళీ కట్టాడు. ఆ రాత్రి నిధి పెట్టె తెరిచి లెక్కపెడితే, ఫైలులో ఉన్నదానికంటే 1,500 రూపాయలు ఎక్కువ ఉన్నాయి. పెట్టె ముందు లెక్కపెట్టి తరువాత అతణ్ణి అడగవలసింది. మేము కంప్యూటరును నమ్మి మనిషిని నమ్మలేదు. డబ్బు తిరిగి ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నాము. అయినా ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని బాధిస్తూనే ఉంది.

ఇందులో తప్పు ప్రోగ్రాముది కాదు, మా వాడకానిది.

సింక్ ఎలా పని చేస్తుంది?

సింక్ అంటే ఒక ఫోల్డరులో ఉన్నదాన్ని వేరు వేరు కంప్యూటర్లలో ఒకేలా ఉంచే పని. ఫైలు మారితే మారిన ఫైలును పైకి పంపుతుంది, మిగతా కంప్యూటర్లకు దింపుతుంది. లోపల ఏ పద్దు ఉందో, ఎవరి బాకీ ఉందో దానికి తెలియదు. ఉత్తరం కవరు మోసే తపాలా బంట్రోతుకు లోపలి విషయం తెలియనట్లే ఇదీ.

ఒకే ఫైలు రెండు చోట్ల వేరు వేరుగా మారితే, ఆ రెంటినీ కలిపి ఒక్క సరైన లెక్క చేయడం దానివల్ల కాదు. అందువల్ల చాలా సేవలు ఒకదాన్ని అసలు పేరుతో ఉంచి, రెండోదాన్ని వేరే పేరుతో దాచిపెడతాయి. డ్రాప్‌బాక్స్ అయితే ఆ పేరులో 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని రాస్తుంది. వన్‌డ్రైవ్ అయితే పేరు చివర కంప్యూటరు పేరు చేర్చవచ్చు. సింక్‌థింగ్ అయితే 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అన్న మాటతో తేదీ, సమయం చేరుస్తుంది. ఇలాంటి పేరు కనబడితే చెత్త అనుకుని తొలగించకండి. అందులో మన పద్దులు ఉండవచ్చు.

ఇంతకంటే ప్రమాదకరమైనది చప్పుడు లేకుండా జరిగేది. గ్నూక్యాష్ మామూలుగా వాడే ఎక్స్‌ఎంఎల్ ఫైలును తెరిచినప్పుడు లెక్కలన్నీ మెమరీలోకి వస్తాయి. సేవ్ చేసినప్పుడు ఫైలు మొత్తం కొత్తగా రాయబడుతుంది. ఒకరు ఉదయం తెరిచి అలాగే వదిలేశారనుకోండి. మధ్యాహ్నం ఇంకొకరు రాసిన పద్దులు సింక్ ద్వారా ఆ కంప్యూటరు డిస్కులోకి వచ్చినా, తెరిచి ఉన్న ప్రోగ్రాములో ఉదయపు లెక్కే ఉంటుంది. సాయంత్రం సేవ్ నొక్కితే మధ్యాహ్నపు పద్దుల మీద పాత లెక్క పడిపోవచ్చు. సింక్‌కు ఇది మామూలు మార్పులాగే కనిపిస్తుంది కనుక రెండో ఫైలు కూడా పుట్టదు.

ఎస్‌క్యూలైట్ డేటాబేసు వాడే ప్రోగ్రాములతో మరో చిక్కు ఉంది. మనీ మేనేజర్ ఎక్స్ అలాంటిదే. గ్నూక్యాష్‌లోనూ ఆ పద్ధతి ఎంచుకోవచ్చు. పద్దు రాస్తున్న సమయంలో అసలు ఫైలు పక్కన జర్నల్ అనే తాత్కాలిక ఫైలు ఉండవచ్చు. ఆ రెండూ కలిస్తేనే లెక్క పూర్తి. సింక్ వాటిలో ఒకదాన్ని ముందు, ఒకదాన్ని వెనుక పంపితే డేటాబేసే పాడయ్యే అవకాశం ఉంది.

తాళం ఉంది కదా?

గ్నూక్యాష్ ఫైలు తెరవగానే పక్కన '.ఎల్‌సికె' అనే చిన్న తాళం ఫైలు తయారవుతుంది. రెండోవారు తెరవబోతే, ఫైలు ఇప్పటికే వాడుకలో ఉందని హెచ్చరిస్తుంది. ఒకే కంప్యూటరులో అయితే ఇది బాగా పనికివస్తుంది. క్లౌడ్‌లో అయితే ఆ తాళం కూడా నెట్ మీదనే ప్రయాణించాలి. మా హాస్టల్ కంప్యూటరులో నెట్ లేదు కనుక తాళం అక్కడే ఉండిపోయింది, యూనివర్సిటీకి చేరలేదు.

ఆ హెచ్చరిక వచ్చినప్పుడు 'ఎలాగైనా తెరువు' అన్న బొత్తాం కూడా కనిపిస్తుంది. దాన్ని నొక్కే ముందు ఫోను చేసి, "అన్నా, నువ్వు మూసేశావా?" అని అడగండి. చదవడానికి మాత్రమే తెరిచే బొత్తాం కూడా పక్కనే ఉంటుంది. చూడడానికి అది చాలు.

లెక్క సరిపోయింది కదా, అనుకోవద్దు

చాలామంది అనుకున్నట్లే మేమూ అనుకున్నాము. జంట పద్దులో రెండు వైపులూ సమానంగా ఉన్నాయి కనుక లెక్క సరిగ్గానే ఉందని భావించాము. ఇది పొరపాటు. ఒక పద్దులో సగం పోతే రెండు వైపులూ కలవవు. పద్దు మొత్తం పోతే జమ, ఖర్చు రెండూ కలిసి పోతాయి కనుక తేడా కనబడదు. 600 రూపాయల జమ పోయినా మా ఫైలు చక్కగా సరిపోయింది. పోయిన పద్దును పట్టుకునేది బయటి సాక్ష్యమే. పెట్టెలోని డబ్బు, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోనులోని యూపీఐ వివరాలు, చేతిరాత రసీదు, వీటితో పోల్చి చూడడం ఒక్కటే మార్గం.

మనం చేయవలసినవి

1. పని చేసే ఫైలు సింక్ ఫోల్డరులో ఉండకూడదు. సొంత కంప్యూటరులో వేరే ఫోల్డరులో పెట్టండి. కొన్ని విండోస్ కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లో ఉండవచ్చు. ఫోల్డరు చిరునామాలో ఆ పేరు ఉందేమో చూడండి.

2. ఒక ఫైలుకు ఒక్కరే రాసేవారు ఉండాలి. మిగతావారు తమ పద్దులను కాగితం మీద గానీ సందేశంగా గానీ ఆ ఒక్కరికి ఇవ్వాలి. ఇప్పుడు మేము నెలకొకరం ఈ బాధ్యత తీసుకుంటున్నాము.

3. పని అయ్యాక సేవ్ చేసి, ప్రోగ్రాము పూర్తిగా మూసి, అప్పుడు ఫైలును తేదీ పేరుతో క్లౌడ్‌లోకి నకలు చేయండి. పాత నకలు మీద కొత్తది వేయకండి. మూసిన ఫైలు తాత్కాలిక ఫైళ్ళ మీద ఆధారపడదు, తేదీ పేరున్న నకలును మరెవరూ మార్చరు.

4. రెండు కంప్యూటర్లలో వాడక తప్పకపోతే, మొదటిదానిలో మూసి, సింక్ పూర్తయిందన్న గుర్తు చూసి, రెండోదానిలో కొత్త తేదీ దిగిందని నిర్ధారించుకుని తెరవండి.

5. సింక్‌ను బ్యాకప్ అనుకోకండి. ఒకచోట పొరపాటున తొలగిస్తే అన్నిచోట్లా తొలగిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్న పాత సూత్రం మంచిది. మనకు కంప్యూటరు, పెన్‌డ్రైవ్, క్లౌడ్ నకలు చాలు.

6. నెలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరిచి నిల్వ చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో తెలియనట్లే.

పొరపాటు జరిగిపోతే?

కంగారుపడి ఏదీ తొలగించవద్దు. అందరూ ప్రోగ్రాము మూయాలి. దొరికిన ఫైళ్ళన్నింటినీ వేరే ఫోల్డరులోకి నకలు చేసి, ఆ నకళ్ళ మీదే పని చేయాలి. రెంటినీ పక్కపక్కన తెరిచి, ఒకదానిలో లేని పద్దులు జాబితా రాసుకుని, ఎంచుకున్న ఫైలులో చేత్తో చేర్చాలి. మేము చేసింది ఇదే. 7,200 ఉన్న ఫైలులో మూడు జమలు చేరిస్తే 8,700 వచ్చింది.

రెండో ఫైలే లేకపోతే క్లౌడ్ సేవలో పాత వెర్షన్లు చూడండి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో, గూగుల్ డ్రైవ్‌లో మామూలుగా 30 రోజుల వరకు పాత ప్రతులు దొరుకుతాయి కనుక ఆలస్యం చేయరాదు. గ్నూక్యాష్ కూడా సేవ్ చేసినప్పుడు పేరులో తేదీ, సమయం ఉన్న పాత ప్రతిని అదే ఫోల్డరులో ఉంచుతుంది. ఎక్స్‌ఎంఎల్ ఫైలు వాడుతుంటే మార్పులన్నీ '.లాగ్' ఫైలులో కూడా రాసుకుంటుంది. ఇంపోర్ట్ మెనూలో ఆ లాగ్‌ను తిరిగి నడిపించే సదుపాయం ఉంది. దాన్ని కూడా నకలు మీదే ప్రయత్నించండి.

చివరిగా

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్ళలో లెక్క అంటే షావుకారు పుస్తకంలో ఉన్నదే. అందులో ఏముందో మన పెద్దలకు చదవడం రాదు. "ఇంకా బాకీ ఉంది" అంటే ఉన్నట్టే. చదువుకుని కంప్యూటరు ముందు కూర్చున్న మేము కూడా ఒక తమ్ముడికి తెర చూపించి అదే మాట అన్నాము. అందుకే ఇప్పుడు నిధిలో ఎవరు డబ్బు ఇచ్చినా, 50 రూపాయలైనా సరే, ముందు సంతకంతో రసీదు ఇస్తున్నాము. ఫైలులో రాయడం ఆ తరువాతే. ప్రతి నెల చివరి ఆదివారం పెట్టె తెరిచి, అందరి ఎదుటా డబ్బు లెక్కపెట్టి, నిల్వను నోటీసు బోర్డులో పెడుతున్నాము.

వచ్చే ఏడాది ఈ నిధి మీ చేతికి వస్తుంది. ఫైలుతోపాటు పెన్‌డ్రైవ్, రసీదు పుస్తకం కూడా అప్పగిస్తాము. మూడూ జాగ్రత్తగా కాపాడండి. ఎప్పుడైనా మూడింటికీ పొత్తు కుదరకపోతే, ముందు పెట్టె తెరవండి, తమ్ముణ్ణి తరువాత అడగండి.