వేలంలో భూమి కొనే ముందు

శిస్తు వంటి ప్రభుత్వ బాకీ కట్టకపోతే, ఆ రైతు భూమిని వేలం వేయవచ్చు. దీనికి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది. మన పాతపట్నానికీ అదే చట్టం.

వేలానికి కనీసం నెల ముందు నోటీసు అంటించాలి. తాలూకా కచేరీలో, పోలీసు స్టేషనులో, ఆ భూమి మీద అంటించాలి. నోటీసు తెలుగులో కూడా ఉండాలి. అక్కలారా! ఇంకొకరిని అడగవద్దు. మీరే చదవండి. బాకీ ఎవరిది? భూమి ఎక్కడ, ఎంత? వేలం ఎప్పుడు? అన్నీ అందులో ఉంటాయి.

పాట మీ పేర నిలిస్తే నూటికి 15 రూపాయలు అప్పుడే కట్టాలి. మిగతాది 30 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే ముందు కట్టిన డబ్బు పోవచ్చు. అందుకే చేతిలో ఎంతుందో చూసుకుని పాడాలి.

పాట పాడగానే భూమి మనది అయిపోదు. బాకీ ఉన్నవారు 30 రోజుల్లోగా బాకీ కట్టి, కొన్నవారికి నూటికి 5 రూపాయలు అదనంగా కట్టి, వేలం రద్దు చేయమని అడగవచ్చు. అంతవరకు ఆ భూమి మీద ఖర్చు పెట్టకండి.

ఏజెన్సీ ఊళ్లలో భూమిని గిరిజనులు కానివారు కొనకూడదు. ముందే కనుక్కోండి.

వేలానికి వచ్చింది మన భూమే అయితే? ముందు రోజు పొద్దు గూకే లోపల బాకీ, వడ్డీ, ఖర్చులు కడితే వేలం ఆగుతుంది. రసీదు తప్పక తీసుకోండి. చదివి దాచుకోండి.