ఏకఫలక సంగణకం – విస్తరణ ఫలకాల నిర్వహణ

ప్రాసెసర్, స్మృతి, అనుసంధాన ద్వారాలు అన్నీ ఒకే ముద్రిత ఫలకం మీద ఇమిడి ఉన్న చిన్న కంప్యూటరును ఏకఫలక సంగణకం అంటారు. దాని అంచులలోని పిన్నుల వరుసలకు గుచ్చి, దానికి స్వతస్సిద్ధంగా లేని సామర్థ్యాన్ని సమకూర్చే ఉపఫలకమే విస్తరణ ఫలకం. 2011లో వెలువడిన బీగిల్‌బోన్‌కు ఉద్దేశించిన ఇటువంటి ఫలకాలు కేప్‌లు. 2014లో రాస్ప్‌బెర్రీ పై బి ప్లస్‌తో పాటు నిర్దేశితమైనవి హ్యాట్‌లు. గుచ్చిన ఫలకం ఏది, దానికి ఏ పిన్నులు కావాలి, ఆ పిన్నులు ఆ సమయానికి ఖాళీగా ఉన్నాయా అనే మూడు ప్రశ్నలకు కంప్యూటరు తనంతట తాను సమాధానం రాబట్టుకునే ఏర్పాటును విస్తరణ ఫలకాల నిర్వహణ అంటున్నాం.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే పిన్ను స్వభావం తెలియాలి. 2013 నాటి బీగిల్‌బోన్ బ్లాక్‌లో పి8, పి9 అని రెండు వరుసలు, ఒక్కొక్క వరుసలో 46 పిన్నులు ఉన్నాయి. విద్యుత్తు సరఫరాకు, భూసంధానానికి, సాదృశ్య సంకేతాలకు కేటాయించినవి పోగా, తక్కిన పిన్నులకు ఎనిమిది వరకు వేర్వేరు వృత్తులు ఉండవచ్చు. వాటిలో ఒక సమయంలో ఒక్కటే చెల్లుతుంది. దీనిని పిన్నుల బహువృత్తి లక్షణం అందాం. పైగా పి8లోని 46 పిన్నులలో 30 పిన్నులను ఫలకం మీదే ఉన్న ఈఎంఎంసీ నిల్వ, హెచ్‌డీఎంఐ దృశ్యద్వారం ముందే ఆక్రమించుకుని ఉంటాయి. కంటికి ఖాళీగా కనబడే పిన్ను నిజంగా ఖాళీ కాకపోవచ్చునన్న ఈ సంగతిని కొనుగోలుకు ముందే గ్రహించిన విద్యార్థికి డబ్బు, శ్రమ రెండూ మిగులుతాయి.

మొదటి ప్రశ్నకు సమాధానం ఫలకం మీదే రాసి ఉంటుంది. ప్రమాణబద్ధమైన ప్రతి కేప్ మీద విద్యుత్తు పోయినా చెరగని చిన్న స్మృతి ఒకటి ఉంటుంది. దానికి పరిచయ స్మృతి అని పేరు పెట్టుకోవచ్చు. తయారీదారు పేరు, ఫలకం పేరు, కూర్పు సంఖ్య, ఏ పిన్ను ఏ వృత్తిలో కావాలన్న పట్టిక, ఎంత విద్యుత్ప్రవాహం అవసరమన్న అంచనా అందులో నిర్ణీత క్రమంలో ఉంటాయి. పి9లోని 19, 20 పిన్నుల మీద నడిచే ఐ2సీ మార్గం గుండా, షోడశాంశ మానంలో 54 నుండి 57 వరకు గల నాలుగు చిరునామాలలో కంప్యూటరు ఈ స్మృతిని వెదుకుతుంది. కనుక ఒకదానిపై ఒకటిగా నాలుగు కేప్‌లకు మించి పేర్చరాదు. ఏ రెండు కేప్‌ల చిరునామా మీటలూ ఒకే స్థితిలో ఉండరాదు. హ్యాట్‌ల విధానంలో 27, 28 పిన్నులు పరిచయ స్మృతిని చదవడానికే ప్రత్యేకించబడ్డాయి.

తక్కిన రెండు ప్రశ్నల భారం డివైస్ ట్రీ అనే ఉపకరణ వృక్షం మీద ఉంది. ఏ పరికరం ఏ చిరునామాలో, ఏ పిన్నుల మీద ఉన్నదో నిర్వాహక వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్‌కు తెలిపే వివరణ పత్రం ఇది. మన గ్రామ అడంగల్‌లో ఏ సర్వే నెంబరు ఎవరి సాగులో ఉన్నదో రాసి ఉన్నట్లే, ఈ వృక్షంలో ఏ పిన్ను ఏ పరికరం వశంలో ఉన్నదో నమోదై ఉంటుంది. కొత్త కేప్ వచ్చినప్పుడు మూలపత్రాన్ని తిరగరాయకుండా, మార్పులను మాత్రమే తెలిపే ఉపరిపత్రం ఒకటి దానిపై పరుస్తారు. లినక్స్ 3.8 కెర్నెల్‌తో వచ్చిన కేప్ మేనేజర్ స్థానాల పట్టికను నడిపేది: నాలుగు కేప్‌లకు, తక్కినవి నిల్వకు, దృశ్యద్వారానికి. ఒకరి స్వాధీనంలో ఉన్న పిన్నును మరొకరు కోరితే రెండవ ఉపరిపత్రం తిరస్కరింపబడేది. తరువాతి కాలంలో ఈ పని కెర్నెల్ కన్నా ముందే మేల్కొనే యూబూట్ చేతికి మారింది. ఈ మార్పు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. కారణం మన పొలాల్లో ఉంది.

శ్రీశైలం జలాలను ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకపు తొలి పంపుహౌసు ఉన్న మల్యాల మన నందికొట్కూరు మండలంలోనిదే, కె.సి. కాలువ కూడా ఈ ప్రాంతానిదే. అయినా బోరు నీటినే నమ్ముకున్న మెట్టచేలకు ఇక్కడ కొదవ లేదు. అటువంటి నల్లరేగడి చేనులో రెండు లోతుల వద్ద తేమను కొలిచి, బోరు మోటారును నడిపి, రైతు ఫోనుకు సందేశం పంపే కేంద్రాన్ని బీగిల్‌బోన్ బ్లాక్‌తో నిర్మించదలిచామనుకుందాం. తేమ సంవేదకానికి సాదృశ్య ప్రవేశం, మోటారుకు రిలే, సందేశానికి మోడెమ్ కావాలి. సాదృశ్య ప్రవేశాలు 1.8 వోల్టులకు మించి సహించవు, సంవేదకం 3.3 వోల్టులు ఇచ్చేదైతే నడుమ వోల్టేజి విభాజకం తప్పనిసరి. రెండవ తరం జీఎస్ఎం మోడెమ్ సంకేతం పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగగలదు గనుక దానికి వేరే సరఫరా ఇవ్వాలి.

అసలు చిక్కు రిలే దగ్గర ఉంది. పల్లె ఫీడరులో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు మొదటి నుండి లేస్తుంది. లేచిన క్షణానికీ, ఉపరిపత్రం అమలయ్యే క్షణానికీ నడుమ పిన్ను స్థితి మన ఆజ్ఞకు లోబడి ఉండదు. ఆ వ్యవధిలో రిలే పడితే, నీరు లేని బోరులో మోటారు తిరిగి కాలిపోవచ్చు, లేదా స్టార్టర్ పెట్టెలో చేయి పెట్టిన మనిషికే ప్రమాదం కలగవచ్చు. యూబూట్ దశలోనే ఉపరిపత్రం అమలైతే ఈ వ్యవధి తగ్గుతుంది, కాని పూర్తిగా పోదు. అందువల్ల రిలేను నడిపే ట్రాన్సిస్టర్ ప్రవేశాన్ని ఒక నిరోధకంతో భూమికి లాగి ఉంచాలి. సాఫ్ట్‌వేర్ నిద్రలో ఉన్నా మోటారు ఆగి ఉండేలా చూసేది అదే. పి8లోని 31 నుండి 46 వరకు గల పిన్నులను రిలేకు గాని, సంవేదకానికి గాని కేటాయించకపోవడం మేలు: కంప్యూటరు ఎక్కడి నుండి లేవాలో ఆరంభంలో ఆ పిన్నుల స్థితిని బట్టే నిర్ణయించుకుంటుంది, బయటి ఫలకం వాటిని అప్పుడు కదిలిస్తే అసలు లేవకనే పోవచ్చు.

చవకగా దొరికే రిలే ఫలకాలు అనేకం పరిచయ స్మృతి లేకుండానే వస్తాయి. వాటికి తగిన ఉపరిపత్రం పేరును ఆరంభ విన్యాస దస్త్రంలో మనమే రాయాలి. పిన్నుల తగాదా లేదని పట్టిక గీసి సరిచూసుకునే బాధ్యత కూడా మనదే. మోటారు స్టార్టరుకు కలపడానికి ముందు రిలేకు ఒక బల్బు కట్టి, సరఫరాను పలుమార్లు తీసి వేసి చూడాలి. బల్బు ఒక్కసారి మిణుకుమన్నా నిరోధకాన్ని, అతుకులను మళ్ళీ పరీక్షించాలి. అది ప్రతిసారీ ఆరి ఉన్న తరువాతనే తీగలు స్టార్టర్ పెట్టెలోకి పోవాలి.