సైడ్ ఏలో ఏడు... సైడ్ బీలో ఏడు!

అటక మీద పాత క్యాసెట్ల డబ్బా ఉందా? పారేయకండి. ఒక పదేళ్ల కాలాన్ని మీ ఇంట్లోవాళ్లు ఎలా విన్నారో చెప్పే చిట్టా అది!

ఎనభైల ఆణిముత్యాలు, తొంభైల హిట్స్, ఘంటసాల విషాద గీతాలు, బాలు-జానకి యుగళ గీతాలు... ఒకప్పుడు క్యాసెట్ల దుకాణంలో ఇలాంటి సంకలనాలకు ఒక అర ప్రత్యేకంగా ఉండేది. తర్వాత సీడీలు వచ్చాయి, పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. 2017లో సారెగమ సంస్థ ఐదువేల హిందీ పాటలు నింపిన 'కారవాన్' పెట్టెను తెస్తే జనం ఎగబడి కొన్నారు. అమ్మానాన్నలకు ఇవ్వదగ్గ కానుకగా దానికి పేరొచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వేలు తగిలిస్తే చాలు, ఎనభైలు మోగుతాయి.

అంతా బాగానే ఉంది. మరి, ఆ పదేళ్లలో వచ్చిన వేల పాటల్లోంచి ఈ పాతికనూ ఏరిందెవరు?

చీటీ రాసిస్తే చాలు

ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్‌ను పరిచయం చేసింది. మన ఊళ్లకు మాత్రం అది ఎనభైల్లోనే బాగా చేరువైంది. 1983లో గుల్షన్‌కుమార్ స్థాపించిన సూపర్ క్యాసెట్స్ (టీ-సిరీస్) ధరలు తగ్గించడంతో క్యాసెట్ సామాన్యుడి చేతికొచ్చింది. దాంతోపాటే పుట్టుకొచ్చింది రికార్డింగ్ సెంటర్. చేర్యాల లాంటి మండల కేంద్రాల్లో అదొక ముచ్చట. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇచ్చిరావాలి. రెండుమూడు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకోవాలి.

అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట. అంటే ఆరో ఏడో పాటలు. తొంభై నిమిషాలదైతే రెండు వైపులా కలిపి ఇరవై వరకూ పట్టేవి. ఇంట్లో అయిదుగురుంటే అయిదుగురికీ వాటా కావాలి. నాన్నకు ఘంటసాల, అమ్మకు సుశీల, అన్నకు చక్రవర్తి బాణీలు, చెల్లికి ఇళయరాజా. ఒకరి పాట ఎక్కాలంటే ఇంకొకరిది దిగాలి. ఆ బేరసారాల తర్వాత మిగిలిన పద్నాలుగు పాటలే ఆ ఇంటి సంకలనం. అది చట్టానికి నిలిచే వ్యవహారం కాదు. కానీ ఎంపిక మాత్రం పూర్తిగా వినేవాళ్లదే.

ఈ ఊరికి కొత్త కాదు

అడిగి చేయించుకోవడం చేర్యాలకు తరతరాల అలవాటు. ఇక్కడి నకాషీ చిత్రకారులు గుడ్డ మీద మూరల కొద్దీ పటాలు గీసేది కథలు చెప్పేవారి కోసమే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం... ఎవరి కథ వారిది. కథకుడు పటాన్ని ఒక్కో గడి చొప్పున విప్పుతూ, పాడుతూ పోతాడు. ఏ ఘట్టం ఉండాలో కథ చెప్పేవారికీ వినేవారికీ తెలుసు. చుట్టచుట్టిన పటానికీ, చుట్టచుట్టిన టేపుకూ ఆ మేరకు పోలిక ఉంది. రెండూ ఎవరికి కావలసింది వారు చెప్పి చేయించుకున్నవే.

కంపెనీ ఏరిన ఎనభైలు

కంపెనీ సంకలనం సంగతి వేరు. తన దగ్గర హక్కులున్న పాటలే అది వేయగలదు. మీకు ఎంతో ఇష్టమైన పాట ఇంకో సంస్థదైతే ఆ క్యాసెట్‌లో వెతికినా దొరకదు. పైగా అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉన్న పాటే మళ్లీమళ్లీ ఎక్కుతుంది. మళ్లీమళ్లీ విన్న పాటే 'ఆ కాలం పాట' అనిపించుకుంటుంది.

1980లో వచ్చిన 'శంకరాభరణం', 1983 నాటి 'సాగర సంగమం', 1989 నాటి 'గీతాంజలి' పాటలు ఎవరికి గుర్తులేవు! సరే, 'శంకరాభరణం' రోజుల్లోనే వచ్చిన 'మా భూమి' మాటేమిటి? తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాలో గద్దర్ స్వయంగా కనిపించి పాడారు. 1948 ఆగస్టులో రజాకార్ల దాడికి నెత్తురోడిన బైరాన్‌పల్లి చేర్యాలకు దగ్గర్లోనే ఉంది. ఇక్కడివాళ్లకు అది సొంత కథ. మీ దగ్గరున్న ఎనభైల సంకలనంలో ఆ సినిమా పాట ఉందేమో ఒకసారి చూడండి. లేకపోతే ఆ పదేళ్లను ఎవరి చెవులతో విన్నామో అర్థమవుతుంది.

ఒక్క డిస్క్‌లో నూటయాభై

ఇక ఎంపీత్రీ సీడీ వచ్చి అన్ని లెక్కలూ మార్చేసింది. 700 ఎంబీల డిస్క్‌లో నూటయాభై పాటలు! ఏ కంపెనీ పాటైనా ఏ పాట పక్కనైనా చేరిపోయింది. వినేవాడికి పండగే. కానీ రాసినవారికీ, బాణీ కట్టినవారికీ పైసా దక్కలేదు. అసలు, చట్టబద్ధంగా అమ్మిన సంకలనాల మీద కూడా వారికి రావలసింది సరిగా వచ్చేది కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాకే సినిమా పాట రచయితకూ, స్వరకర్తకూ రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కయింది. అందుకే, చవకగా దొరికింది కదా అని సంబరపడేముందు వేటూరి, సిరివెన్నెల లాంటివాళ్ల శ్రమను కూడా తలచుకోవాలి.

ఇప్పుడు పాటలకు కొదవ లేదు. బేరసారాలే లేవు. ఎవరి ఫోన్ వారిది, ఎవరి ఇయర్‌ఫోన్ వారిది. యాప్ ఏరి పెట్టిందే వింటున్నాం. ఓ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని పద్నాలుగంటే పద్నాలుగే పాటలు రాసి చూడండి. తాతయ్య చెప్పే పాట యాప్‌లో ఎక్కడో అడుగున ఉండొచ్చు. అది మీ జాబితాకెక్కితే మనవడి నోట ఇంకో యాభయ్యేళ్లు బతుకుతుంది!

పాత క్యాసెట్ బతకాలంటే...

* టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే వెంటనే ప్లేయర్‌లో పెట్టొద్దు. అది హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

* వదులైన టేపును పెన్సిల్‌తో నెమ్మదిగా బిగించండి. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాకే వినండి.

* క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరగదు.

* ప్లేయర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి పాటలను భద్రం చేసుకోవచ్చు. అది ఇంట్లో వినడానికే. నెట్‌లో పెడితే హక్కుల చిక్కు వస్తుంది.

* లోపలి అట్ట మీద చేత్తో రాసిన పాటల జాబితాను ఫొటో తీసి దాచండి. పాటలు మళ్లీ దొరుకుతాయి, ఆ చేతిరాత దొరకదు.