ట్రాక్టరు అమ్మారా? ఆర్‌సీ, ఇన్సూరెన్సు సంగతి కూడా తేల్చుకోండి

పంట డబ్బు చేతికొచ్చే వేసవిలో మన గ్రామాల్లో పాత ట్రాక్టర్లు, కార్లు, మోటారు సైకిళ్లు చేతులు మారుతుంటాయి. ధర కుదరగానే బాండు పేపరు మీద రాసుకుంటాం, డబ్బు లెక్కపెట్టుకుంటాం, తాళాలు ఇచ్చేస్తాం. అంతటితో బండికీ మనకూ సంబంధం తెగిపోయిందనుకుంటాం. చట్టం ప్రకారం అలా తెగదు.

కొంతకాలం కిందట ఒక రైతు మా ఆఫీసుకు ఒక కవరు తెచ్చి చూపించాడు. "సార్, బండి అమ్మేసి రెండేళ్లయింది. ఇప్పుడు నాకెందుకు వచ్చింది ఈ నోటీసు?" అని అడిగాడు. అతను అమ్మిన ట్రాక్టరు ఆ తర్వాత ఇంకొకరి చేతికి వెళ్లింది. ఆర్‌సీ మాత్రం ఎవరూ మార్పించుకోలేదు. ఇన్సూరెన్సు గడువు తీరిపోయినా ఎవరూ కట్టలేదు. ఒక రాత్రి ఆ ట్రాక్టరు మోటారు సైకిల్‌ను ఢీకొని ఒక మనిషి చనిపోయాడు. బాధిత కుటుంబం పరిహారం కోసం కేసు వేస్తే, ఆర్‌సీలో ఉన్న పేరుకే నోటీసు వచ్చింది. ఆ రైతు ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు.

చట్టం దృష్టిలో యజమాని ఎవరు?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వారే యజమాని. బండి నాలుగు చేతులు మారినా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బాండు పేపరు పనికిరానిదేమీ కాదు. కట్టిన డబ్బును తర్వాత కొన్నవారి నుంచి రాబట్టుకోవడానికి అది సాక్ష్యంగా ఉంటుంది. బాధిత కుటుంబానికి మాత్రం అది చూపించి తప్పించుకోలేం.

ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చిన పరిహారం కట్టకపోతే, ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయి లాగా కలెక్టరు ద్వారా వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది. అంటే అమ్మేసిన బండి కోసం మన పొలం మీదికి జప్తు రావచ్చు. అసలు భయపడాల్సింది దీనికే.

పాలసీలో రెండు భాగాలు – రెండూ ఒకలా మారవు

థర్డ్ పార్టీ: మన బండి వల్ల ఇతరులకు జరిగే ప్రాణనష్టానికి, గాయాలకు, ఆస్తి నష్టానికి పరిహారం ఇచ్చే భాగం ఇది. ఇది ప్రతి బండికీ తప్పనిసరి. బండి అమ్మితే ఈ రక్షణ దానంతటదే కొన్నవారికి వర్తిస్తుంది. అయినా కొన్నవారు 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీలో తమ పేరు ఎక్కించుకోవాలి.

ఓన్ డ్యామేజీ: బండికి జరిగిన నష్టానికి, దొంగతనానికి వచ్చే భాగం ఇది. ఇది దానంతటది మారదు. కంపెనీ ఒప్పుకొని పేరు మార్చిన తర్వాతే కొన్నవారికి వర్తిస్తుంది. ఈలోగా బండి బోల్తా పడితే క్లెయిమ్ అటు అమ్మినవారికీ రాదు, ఇటు కొన్నవారికీ రాదు.

యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కొన్నవారికి మారదు. వారు తమ పేరున వేరుగా తీసుకోవాలి.

బండి ఇచ్చేశాక పాలసీ రద్దు చేయించుకుందామా?

మిగిలిన నెలల ప్రీమియం వెనక్కి వస్తుందని కొందరు ఈ ఆలోచన చేస్తారు. ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంతకాలం ఈ పని చేయకండి. రద్దు చేసిన రోజు నుంచి ఆ బండి మీ పేరుతో బీమా లేకుండా రోడ్డు మీద తిరుగుతుంది. పేరు మారేలోగా పాలసీ గడువు తీరుతుంటే, కొన్నవారు కట్టకపోయినా సరే, మీరే థర్డ్ పార్టీ ప్రీమియం కట్టి నిలబెట్టండి. కొన్ని వేల రూపాయలకు వెనకాడితే లక్షల పరిహారం మీ నెత్తిన పడవచ్చు.

అమ్మేటప్పుడు చేయవలసిన పనులు

1. బ్యాంకు అప్పు ఉంటే ముందు తీర్చండి. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో తాకట్టు నమోదు తీసేయించండి. తాకట్టు ఉండగా బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా పేరు మారదు.

2. ఫారం 29, ఫారం 30 నింపిన తర్వాతే సంతకం పెట్టండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి మధ్యవర్తి చేతికి ఇవ్వకండి. బండి చేతులు మారుతూ పోతున్నా మీ పేరు అలాగే ఉండిపోవడానికి మూలం ఇదే.

3. అమ్మిన 14 రోజుల్లోగా ఆర్‌టీఓ ఆఫీసుకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవారిది. కొన్నవారు వేరే రాష్ట్రం వారైతే గడువు 45 రోజులు, ఎన్‌ఓసీ కూడా కావాలి. పేరు మార్పించుకోవడానికి కొన్నవారికి 30 రోజుల గడువు ఉంటుంది. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లి ఒకే రోజు దరఖాస్తు పెట్టండి.

4. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ట్రాక్టరుతో పాటు ట్రాలీనీ అమ్మితే దాని ఆర్‌సీ కూడా మార్పించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

5. డెలివరీ రసీదు రాయించుకోండి. అందులో తేదీతో పాటు సమయం కూడా ఉండాలి. కొన్నవారి ఆధార్ నకలు, ఫోటో, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. అప్పటివరకు ఉన్న చలాన్లు కట్టేయండి.

6. అమ్మిన సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

7. కొంత సొమ్ము నిలిపి ఉంచి, ఆర్‌సీలో పేరు మారాక తీసుకుంటామని ముందే మాట్లాడుకోండి. ఇది మన ఊళ్లలో బాగా పనిచేసే పద్ధతి.

8. నెల తర్వాత ఎం-పరివాహన్ యాప్‌లో గానీ ఆర్‌టీఓ ఆఫీసులో గానీ పేరు మారిందో లేదో చూసుకోండి. కొత్త ఆర్‌సీ నకలు మీ దగ్గర భద్రపరచుకోండి.

నో క్లెయిమ్ బోనస్ మీదే

ఏడాది పొడవునా క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు ఇస్తారు. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ఈ బోనస్ యజమానిది, బండిది కాదు. అమ్మిన తర్వాత కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. మూడేళ్లలోగా అదే తరగతి బండి కొంటే ఆ తగ్గింపు వాడుకోవచ్చు. కొన్నవారికి అది వర్తించదు గనుక, మిగిలిన కాలానికి ఆ తేడా వారు కట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనే రైతులకు

ఆర్‌సీ, పాలసీ, బ్యాంకు ఎన్‌ఓసీ మూడూ చూశాకే బయానా ఇవ్వండి. బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి రూ.2,000, మళ్లీ పట్టుబడితే రూ.4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. పాలసీ వ్యవసాయ పనులకు తీసుకున్నదైతే ఇసుక, ఇటుక కిరాయిలకు, ట్రాలీలో కూలీలను, పెళ్లి జనాన్ని ఎక్కించడానికి అది వర్తించదు. అలాంటప్పుడు ప్రమాదం జరిగితే కంపెనీ తప్పుకుంటుంది, లేదా పరిహారం కట్టి ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది.

ఇప్పటికే అమ్మేసి, పేరు మార్చకుండా వదిలేసిన బండి ఉంటే ఈ వారమే కదలండి. ముందు పాలసీ గడువు చూడండి. తీరిపోయి ఉంటే వెంటనే కట్టించండి, లేదా మీరే కట్టండి. తర్వాత కొన్నవారిని వెంటబెట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లండి. వారు రాకపోతే బాండు పేపరు నకలు జత చేసి, అమ్మిన సంగతి ఆర్‌టీఓకు, ఇన్సూరెన్సు కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. దీంతో బాధ్యత పూర్తిగా తీరిపోదు, కానీ రేపు కోర్టులో చెప్పుకోవడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఆర్‌సీలో పేరు మారిన రోజే బండి అమ్మినట్టు లెక్క.