వీసా చదివి పయనము

కడప సీమలో వాన తక్కువ. రాజంపేట, రాయచోటి పరిసరములనుండి అనేకులు పొట్టకూటికై కువైట్ దేశమునకు పోవుచున్నారు. వారికి పాస్‌పోర్టును మన ప్రభుత్వ మిచ్చును. అది పౌరసత్వమును తెలుపును. వీసాను కువైట్ ప్రభుత్వ మిచ్చును. అది ప్రవేశమున కనుమతి. వైద్యపరీక్ష, పోలీసు ధ్రువపత్రము మొదలగువానిని రాయబార కార్యాలయము పరిశీలించిన పిదప వీసా లభించును.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు కువైట్ మొదలగు 18 దేశములకు పనికై పోవలెనన్న, 1983 నాటి వలస చట్టము ననుసరించి మన ప్రభుత్వపు వలసదారుల రక్షణాధికారి అనుమతియు పొందవలయును. జీతము, షరతులు గల ఒప్పందమును ఆ యధికారి చూచును.

దీనిని తప్పించుటకు కొందరు దళారులు సందర్శకుల వీసాతో జనులను పంపుదురు. అట్లు పోయినవానికి అచ్చట పనిచేయు హక్కు లేదు. జీత మందకున్నను ఫిర్యాదు చేయ జంకును.

బాలలారా! మీ యింట నెవరైన పయనమైనచో, వీసాలో నేమి యున్నదో ముందుగా చదివి చెప్పుడు.