తెర పక్కన నిలబడిన మనిషి

సినిమా అనే మాట వినగానే మన సంఘాల్లో పెద్దవారు నొసలు చిట్లించడం కొత్త సంగతి కాదు. "ఇకమీదట సినిమా హాలు గడప తొక్కను" అని బాప్తిస్మానికి ముందు మాట తీసుకున్న కాపరులు కూడా ఉన్నారు. వారి భయంలో అర్థం లేకపోలేదు. అయితే మన దేశంలో సినిమా పుట్టుకకు, క్రీస్తు జీవిత చిత్రానికి ఒక సంబంధం ఉంది. అది మనలో చాలామందికి తెలియదు. ఆ కథలో మన కుటుంబాలకు ఒక పాఠం కూడా ఉంది.

రైల్వే ఉద్యోగి కొన్న పెట్టె

మన దేశంలో కదిలే బొమ్మలు మొదట చూపినది 1896 జూలై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటల్లో. ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల చిన్న చిన్న చిత్రాలు ఆరింటిని ఆ రోజు ప్రదర్శించారు. టిక్కెట్టు ఒక రూపాయి. ఆనాటి కూలివాడికి అది అందని ధర.

దానిని దక్షిణాదిలో సామాన్య జనం ముంగిటికి తెచ్చినవారిలో సామికన్ను విన్సెంట్ ముందువరసలోనివారు. కోయంబత్తూరుకు చెందిన ఈ క్రైస్తవుడు తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి. 1905లో డ్యుపాంట్ అనే ఫ్రెంచి ప్రదర్శకుడు జబ్బుపడి స్వదేశానికి వెళ్లిపోతూ తన యంత్రాన్ని, ఫిల్ములను అమ్మజూపాడు. విన్సెంట్ గారు ధైర్యం చేసి కొన్నారు. ఆ ఫిల్ములలో ఒకటి యేసుక్రీస్తు జీవిత చిత్రం. ఉద్యోగం వదిలి, గుడారం వేసుకుంటూ ఊరూరా తిరిగి ఆయన ఆ బొమ్మలు చూపారు. సినిమా అంటే ఏమిటో తెలియని జనం గుడారంలో నేలమీద కూర్చుని ప్రభువు కథను తెరమీద చూశారు.

ఫాల్కే గారు చూసిన చిత్రం

1910-11 ప్రాంతంలో బొంబాయిలో మరొక మనిషి కూడా క్రీస్తు జీవిత చిత్రం చూశారు. ఆయన దుండిరాజ్ గోవింద్ ఫాల్కే. అచ్చు పని, ఫొటోగ్రఫీ తెలిసిన ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు; భాగస్వాములతో పొసగక ప్రెస్సు వదిలి ఖాళీగా ఉన్నారు. తెరమీద క్రీస్తు జీవితం సాగుతుంటే, తన మనసులో కృష్ణుడు, రాముడు మెదిలారనీ, మన దేశపు కథలు ఇలా ఎప్పుడు చూస్తామా అని తపించిపోయాననీ ఆయనే తర్వాత 1917లో రాశారు. మరుసటి ఆటకు భార్య సరస్వతీబాయిని వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆ తర్వాత ఆయన పడ్డ కష్టం తలచుకోదగింది. రాత్రింబగళ్లు ఆ పనిమీదే ఉండి కొంతకాలం చూపు పోగొట్టుకున్నారు. జీవితబీమా పాలసీలు తాకట్టు పెట్టి, 1912లో లండన్ వెళ్లి కెమెరా కొన్నారు. అప్పు ఇచ్చేవారికి నమ్మకం కలగాలని, ఒక గింజ మొలకెత్తి మొక్క కావడాన్ని రోజుకు కొంచెం చొప్పున చిత్రీకరించి చూపారు. సరస్వతీబాయి పనివారందరికీ వండిపెట్టారు, ఫిల్ముకు రంధ్రాలు కొట్టే పని కూడా నేర్చుకున్నారు. అలా తయారైన 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3న బొంబాయి కారొనేషన్ హాలులో విడుదలైంది. ఆడవాళ్లు నటించడం తలవంపులనుకునే రోజులు కనుక, అందులో తారామతి వేషం వేసినవాడు సాలుంకే అనే మగమనిషి. అతడు హోటల్లో వంటవాడు.

గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పాడు. ఫాల్కే దంపతులు లెక్క చూసుకున్నారు, చెల్లించారు కూడా. సువార్త పనికి మనం అంత చెల్లిస్తున్నామా?

మన బందరు బిడ్డ

తెలుగు సినిమాకు పితామహుడనదగిన రఘుపతి వెంకయ్య గారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. తిరువూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరక ముందు మనదీ బందరుదీ ఒకే కృష్ణా జిల్లా గదా! మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న ఆయన దానిని తాకట్టు పెట్టి, బొమ్మతోపాటు శబ్దం కూడా వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. ఆయన కుమారుడు ప్రకాష్ విదేశాల్లో పని నేర్చుకుని వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ చిత్రం తీశారు. అదే సంవత్సరం విజయవాడలో పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ థియేటరు తెరిచారు. ఆంధ్ర ప్రాంతంలో మొదటి సినిమా హాలు అదే.

పక్కన ఎవరూ లేని రోజీ

కొత్త కళ వచ్చినంత మాత్రాన మనుషుల హృదయాలు కొత్తవి కాలేదు. 1920ల చివర జె.సి. డేనియల్ అనే క్రైస్తవుడు ఆస్తి అమ్ముకుని, మలయాళంలో మొదటి చిత్రం 'విగతకుమారన్' తీశారు. అందులో కథానాయిక పి.కె. రోజీ, దళిత యువతి. ఆమె వేసినది నాయర్ స్త్రీ వేషం. తిరువనంతపురంలో మొదటి ప్రదర్శననాడు ఆమెను హాలులోకి రానివ్వలేదు. పెద్దకులం స్త్రీగా ఆమెను తెరమీద చూచి ఓర్వలేనివారు తెరను రాళ్లతో కొట్టారు. తర్వాత ఆమె ఇంటికి నిప్పుపెట్టారు. రోజీ ఊరు విడిచి తమిళదేశానికి పారిపోయి, పేరు మార్చుకుని బ్రతికింది. మళ్లీ తెరమీద కనిపించలేదు. డేనియల్ గారు అప్పులపాలై, 1975లో పేదవాడిగా కన్నుమూశారు. ఫాల్కే గారి పక్కన సరస్వతీబాయి ఉన్నది. రోజీ పక్కన నిలిచినవారు లేకపోయారు.

మాట్లాడే బొమ్మలు వచ్చాక

మూకీ చిత్రాల రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడేవాడు. బొమ్మల నడుమ వచ్చే రాతలు జనంలో ఎక్కువమంది చదువలేరు. అతడు వాటిని బిగ్గరగా చదివి, ఎవరు ఎవరో, ఏం జరుగుతున్నదో వివరించేవాడు. 1931 మార్చి 14న 'ఆలం ఆరా'తో బొమ్మలు మాట్లాడనేర్చాయి. తెలుగులో హెచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దానితో ఆ మనిషి పని తీరిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫాల్కే గారు క్రీస్తు చిత్రం చూచి కదిలిపోయారు. ఆ కదలిక నిజమైనదే; ఆయన తన విశ్వాసం చొప్పున తన కథలు చెప్పారు, దానికి మనం నొచ్చుకోనక్కరలేదు. కానీ మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: బొమ్మ మనిషిని కదిలిస్తుంది, ఎటు కదలాలో మాత్రం చెప్పదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడి చేతిలో యెషయా గ్రంథం ఉన్నది, అయినా అర్థం కాలేదు. ఫిలిప్పు పరుగెత్తివెళ్లి, రథమెక్కి, పక్కన కూర్చుని వివరించిన తరువాతనే సంతోషం కలిగింది.

1978లో ఎ. భీంసింగ్ దర్శకత్వంలో, విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించిన 'కరుణామయుడు' వచ్చింది. అది హాళ్లతో ఆగిపోలేదు. ప్రొజెక్టరు, తెల్లగుడ్డ పట్టుకుని సువార్తికులు దానిని పల్లెలకు మోశారు. కొట్లాదిగా జనం చూసినా, ఆట ముగిశాక లేచి నాలుగు మాటలు చెప్పి ప్రార్థించిన సేవకుడే దానికి బలం. తెర పక్కన మనిషి అలా తిరిగివచ్చాడు.

ఇవాళ తెర అరచేతిలోకి వచ్చింది. తిరువూరులోనే కాదు, దాని చుట్టూ ఉన్న ఏ పల్లెలో చూసినా పిల్లలు దుప్పటి కప్పుకుని ఫోను చూస్తున్నారు. ఆ తెర పక్కన ఎవరున్నారు? ఫోను లాక్కుంటే ఒక పూట గడుస్తుంది, అంతే. తల్లిదండ్రులారా, వారంలో ఒక్క సాయంత్రమైనా పిల్లల పక్కన కూర్చుని వారు చూసేది చూడండి. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథలో ఎవరిని గొప్పగా చూపారు? ఎవరిని నవ్వులపాలు చేశారు? యేసుప్రభువు అక్కడ ఉంటే ఎవరి పక్కన నిలబడేవాడు?

మూడవ ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబు శ్రద్ధగా వినండి. ఆ తరువాత కుటుంబ ప్రార్థన చేసుకోండి.